లక్క నింపిన రాయి

శ్రీనివాసులు తన కాళ్ల మీద తానే నడిచి వచ్చి తన చేతనే రాయి చెక్కించుకుంటాడని పీరా కలలో కూడా అనుకోలేదు. ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం, ఆళ్లగడ్డలో శిల్పుల కొట్టాలున్న రోడ్డు మీద తెల్ల కారు ఆగింది. దిగినవాడు అతనే. మనిషి కాస్త లావెక్కాడు, జుట్టుకు రంగు వేశాడు, అంతే తేడా. నవ్వు మారలేదు. పదమూడేళ్ల కిందట వచ్చినప్పటిలాగే చేతిలో మడత నలగని కాగితం ఉంది.

"ఏం పీరా, బాగుండావా? చెయ్యి ఇంకా ఆడతాంటాదా?"

"ఆడతాంటాది సార్. కూచోండి."

పీరా స్టూలు తుడిచి వేశాడు. ఎదురు అంగడికి కేకేసి అల్లం టీ చెప్పాడు. పగ పట్టినవాడు మర్యాదలో లోటు చేయకూడదు. లోటు చేస్తే అవతలివాడికి అనుమానం వస్తుంది.

విగ్రహాలు చెక్కేవాళ్లు ఆళ్లగడ్డలో ఎటు చూసినా ఉంటారు. అక్షరాలు చెక్కేవాళ్లు తక్కువ. దేవుడి ముక్కు కాస్త వంకర పోయినా భక్తి సర్దుకుంటుంది, శిలాఫలకం మీద నాయకుడి పేరులో కొమ్ము వంకర పోతే ఎవరూ సర్దుకోరు. ముప్ఫై అయిదేళ్లుగా పీరా చెక్కిన అక్షరం వంకర పోలేదు. శ్రీనివాసులు మళ్లీ అతని దగ్గరికే రావడానికి కారణం అదే. తాను ఎవరి తమ్ముడి ఎదుట కూర్చుని టీ తాగుతున్నాడో అతనికి తెలియదు.

తేజోమయి ఫ్యూయెల్స్ అని బొగ్గు, డీజిలు అమ్మే పెద్ద కంపెనీ. శ్రీనివాసులు ఆ కంపెనీ తరఫున జిల్లాలో ప్రచారం చూసేవాడు, ఇప్పుడు రిటైరై సలహాదారు. ఆ కంపెనీ నంద్యాల బస్టాండు దగ్గర 'నీడిల్లు' అని ఒక షెడ్డు కట్టిస్తోంది. ఎండాకాలం దారిన పోయేవాళ్లకు నీళ్లు, మజ్జిగ, కూర్చోవడానికి బెంచీలు. దాని గోడకు నిలువెత్తు నల్లరాయి కావాలి. దాని మీద చెక్కాల్సిన మాట కాగితం మీద ఉంది. పీరా చదివాడు.

'ఎండను ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు. నీడనివ్వడం మా చేతుల్లో ఉంది.'

"ఎట్లుండాది?" అన్నాడు శ్రీనివాసులు. "నేనే రాసినా."

"మీరు రాసిందానికి వంక యాముంటాది సార్," అన్నాడు పీరా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు నెలలుగా ఈ మనిషిని ఎట్లా పట్టాలా అని నిద్ర లేకుండా ఉన్నాడు, మనిషి ఏకంగా కొట్టంలోకే వచ్చి కూర్చున్నాడు.

పదమూడేళ్ల కిందట ఇట్లాగే వచ్చి నలభై రాళ్లు చెక్కించాడు. అప్పుడు కంపెనీ పేరు ఎత్తలేదు. 'రైతుహిత ప్రకృతి సంఘం' అన్నాడు. ఆ సంఘంలో రైతెవడో, దాని ఆఫీసు ఏ ఊళ్లో ఉందో పీరా అడగలేదు. అక్షరం చెక్కేవాడికి ఒక కట్టుబాటు ఉంది: రాసిచ్చింది చెక్కాలి, సొంత మాట కలపకూడదు, ఉన్న మాట తీయకూడదు. మాట మంచిచెడ్డలు రాసిచ్చినవాడివి. ఈ కట్టుబాటు చాటున ఎంత హాయిగా బతకవచ్చో పీరాకు బాగా తెలుసు. ముప్ఫై అయిదేళ్లు బతికాడు.

ఆ నలభై రాళ్ల మీదా ఒకటే మాట. 'ఈ ఎండలు కొత్తవి కావు. అరవై ఏళ్లకొకసారి సంవత్సరాల పేర్లు తిరిగి వచ్చినట్టే ఎండలూ తిరిగి వస్తాయి. మన తాతలు తట్టుకున్నారు. మనమూ తట్టుకుంటాం. పొగ వల్ల భూమి కాగుతోందనే పుకార్లు నమ్మవద్దు.' నలభై ఊళ్ల మొగదలలో ఆ రాళ్లు పాతారు. అందులో ఒకటి అహోబిలం పోయే దారిలోని ఎర్రకుంటలో పడింది. పీరా అక్క ఫాతిమున్నీసాను ఇచ్చిన ఊరు అది.

ఆమెను పీరా ఆపా అని పిలిచేవాడు. ఆపాకు చదువు రాదు. అయినా ఆ రాయి మీద ఉన్నదంతా కంఠతా వచ్చు. తమ్ముడు చెక్కాడు కదా. కూలికి పోయేటప్పుడు కొంగుతో దాని మీద దుమ్ము తుడిచి పోయేది. ఎవరైనా ఆగి చూస్తే, "మా తమ్ముడు చెక్కిండేది. సదువు, ఒక్క తప్పుంటే సూపీ," అనేది. పంచాంగం హిందువులది కదా, నీకెందుకు ఆపా ఈ అరవై ఏళ్ల గోల అని పీరా ఒకసారి ఆటపట్టిస్తే, "పంచాంగం వాళ్లదైతే ఏం, ఎండ అందరిదీ గదా," అని నవ్వింది.

రెండేళ్ల కిందట మే నెలలో ఉపాధి పనిలో ఉంది ఆపా. చెరువులో మట్టి తవ్వకం. పది దాటాక పని ఆపేయమని ఆశా వర్కరు వచ్చి చెప్పింది. ఇలాంటి ఎండ మునుపెన్నడూ లేదు, మనుషులు పడిపోతున్నారు అని చెప్పింది. మిగిలినవాళ్లు గడ్డపారలు దించారు. ఆపా దించలేదు. కొలత ఇంకా పూర్తి కాలేదు. "ఎండ కొత్తదేం గాదు తల్లీ. రాతి మీదనే రాసిండారు గదా. కాగితం మీద రాసింది అబద్ధమైతాదేమో గాని రాయి అబద్ధం జెప్తాదా," అంది. పక్కనే తవ్వుతున్న జీవమ్మ ఈ మాటలు చెవులారా విన్నది. పన్నెండున్నరకు ఆపా కూర్చున్నచోటే ఒరిగిపోయింది. ఆళ్లగడ్డ ఆసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోయింది. ఒళ్లు ముట్టుకుంటే కాలిపోతోందని జీవమ్మ చెప్పింది.

ఆపా చనిపోయిందని ఏడ్చినప్పుడు కూడా పీరాకు రాయి గుర్తుకు రాలేదు. నలభయ్యో రోజు ఫాతెహాకు వచ్చిన జీవమ్మ ఆ మాట చెప్పింది. చెప్పాలా వద్దా అని నలభై రోజులు నలిగి చెప్పింది. ఆ రోజు నుంచి పీరాకు అన్నం సయించలేదు. తన చేతిని తానే తిట్టుకున్నాడు. అయినా మనసులో ఒక మూల ఒక సాకు ఉండేది. రాసిచ్చినవాళ్లకు మాత్రం ఏం తెలుసు పాపం, తెలియక రాసి ఉంటారు అనుకునేవాడు.

ఆ సాకును సుప్రజ మొదలంటా నరికేసింది. సుప్రజ నంద్యాల కోర్టులో వకీలు. ఎండదెబ్బకు పోయినవాళ్ల కుటుంబాల తరఫున కేసు వేయడానికి ఊరూరా తిరిగి వివరాలు రాసుకుంటోంది. పోయిన డిసెంబరులో పీరాను పిలిపించింది. ఏదో పెద్ద కోర్టులో ఇంకో కేసు నడుస్తుంటే తేజోమయి కంపెనీ లోపలి కాగితాలు బయటికి వచ్చాయట. అందులో ఒకటి ఈ జిల్లాది.

"అన్నా, ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగులోకి రాసినా. కూర్చొని విను," అంది.

విన్నాడు. 'మన బొగ్గు, మన డీజిలు వల్లే భూమి వేడెక్కుతోందని మన సొంత శాస్త్రవేత్తలు ముప్ఫై ఏళ్ల కిందటే తేల్చారు. ఆ నివేదిక చదివాను. ఈ సంగతి రైతులకు చేరితే మన అమ్మకాలకు దెబ్బ. అరవై ఏళ్ల ఎండలని చెబుదాం. ఈ ప్రాంతం జనం కాగితాన్ని నమ్మరు, రాతిని నమ్ముతారు. ఆళ్లగడ్డలో చెక్కిస్తాను.' కింద తేదీ, 2013 ఫిబ్రవరి. కింద సంతకం, శ్రీనివాసులు.

"ఇంకోసారి సదువమ్మా," అన్నాడు పీరా.

సుప్రజ మళ్లీ చదివింది. చివరి మాట దగ్గర పీరాకు ఒళ్లంతా మండిపోయింది. వాడికి తెలుసు. తెలిసే చేశాడు. దొంగ వైద్యుడు విషాన్ని తేనెలో కలిపినట్టు అబద్ధాన్ని తన అక్షరంలో కలిపాడు. తన అక్షరం వంకర పోకపోవడమే ఆపా ప్రాణం తీసింది.

"కేసు వేస్తాండాం అన్నా. టైం పడ్తాది," అంది సుప్రజ.

"ఎన్నాళ్లమ్మా?"

"పదేండ్లు పట్టొచ్చు. వాళ్లకు పెద్ద పెద్ద వకీళ్లు ఉండారు."

"పదేండ్లకు వాడుంటాడో, నేనుంటానో," అన్నాడు పీరా. సుప్రజ రాసిన తెలుగు కాగితాన్ని అడిగి తీసుకున్నాడు. ఆమె కాదనలేదు. అది ఎందుకో అప్పటికి ఆమెకు తెలియదు, పీరాకూ పూర్తిగా తెలియదు.

శ్రీనివాసులు కారు వెనక్కి తిప్పుకొని వెళ్లిన సాయంత్రం తెలిసింది.

రాతిపనిలో ఒక దొంగపని ఉంది. చెక్కేటప్పుడు పెళ్ల ఊడినా, అక్షరం తప్పు పడినా, ఆ గుంటలో లక్క, మైనం, అదే రాతి పొడి కలిపి కరిగించి నింపుతారు. ఆరాక నునుపు పట్టిస్తే నీడలో ఎవరూ కనిపెట్టలేరు. గట్టి ఎండ తగిలితే మాత్రం లక్క మెత్తబడి కారిపోతుంది, దొంగతనం బయటపడుతుంది. అందుకే పనివాళ్లలో ఇంతకు మించిన తప్పు లేదు. పీరాకు ఉలి పట్టడం నేర్పిన పెద్ద శిల్పి, "లక్క నింపినోని చేతికి మళ్ల ఉలి ఇయ్యగూడదు" అనేవాడు. అన్నంత పనీ చేశాడు కూడా. అట్లా ఉలి పోగొట్టుకున్న ఒక పనివాడు తర్వాత యాగంటిలో కొబ్బరికాయలు అమ్ముకుని బతికాడు.

పీరా ఈ సంగతులన్నీ తెలిసే లక్క కొన్నాడు.

రాయి కింది సగంలో ముందు సుప్రజ తెలుగులో రాసిన ఆ కంపెనీ కాగితం చెక్కాడు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. లోతుగా, ఎప్పుడూ చెక్కనంత శ్రద్ధగా చెక్కాడు. సంతకం దగ్గర ఆగాడు. చాలాసేపు ఆలోచించి, కింద ఇంకొక వరుస చెక్కాడు. 'ఆ రాతిని నమ్మి చనిపోయిన మనిషి ఫాతిమున్నీసా, ఎర్రకుంట.' ముప్ఫై అయిదేళ్లలో రాతి మీద అతను సొంత మాట చెక్కడం అదే మొదలు.

ఇక లక్క పాళ్లు. నల్లరాయి వేడిని కొలవడానికి పనివాళ్లకు మిషన్లు అక్కర్లేదు, అరచెయ్యి చాలు. రాయి మీద చెయ్యి ఆనించి లెక్కపెడతారు. మార్చిలో మధ్యాహ్నం పది లెక్కపెట్టేదాకా ఆనించవచ్చు. ఏప్రిల్లో అయిదు. మేలో మూడు, మరీ ఎక్కువైతే రెండు. ఆపా పోయిన రోజు పీరా కొట్టం బయట రాయి మీద చెయ్యి వేసి ఒకటి కూడా పూర్తిగా లెక్కపెట్టలేకపోయాడు. అట్లాంటి వేడికి కారాలి, అంతకు తక్కువ వేడికి కదలకూడదు. చిన్న ముక్కల మీద లక్క నింపి, నిప్పుల సెగకు పెట్టి, చెయ్యి ఆనించి చూసుకుంటూ పన్నెండు రోజులు మైనం తగ్గించి, పెంచి, చివరికి పాళ్లు కుదుర్చుకున్నాడు. అరచేతిలో బొబ్బలు లేచాయి. ఆ పన్నెండు రోజులూ అతనికి ఆకలి బాగా వేసింది.

పందెం తేటగా ఉంది. శ్రీనివాసులు రాళ్ల మీద రాయించింది నిజమైతే, ఎండ తాతల నాటి ఎండే అయితే, లక్క కదలదు, అతని పరువుకూ ఢోకా లేదు. ఎండ కొత్తదైతే అదే వాడి గుట్టు విప్పుతుంది. ఇంతకంటే న్యాయమైన పందెం ఏ కోర్టూ వేయదని పీరా అనుకున్నాడు.

కింది గాట్లలో ఆ లక్క నింపి నునుపు పట్టించి, పై సగంలో ఎర్రటి జాజుతో అక్షరాలు గీసి, సరిచూసుకోమని శ్రీనివాసులుకు కబురు పెట్టాడు. ఉలి వేయడానికి ముందు రాసిచ్చినవాడు వచ్చి చూసుకోవడం ఆనవాయితీ. శ్రీనివాసులు వచ్చాడు, చదువుకున్నాడు, ఆ మాట కింద వేయించిన తన పేరులో ఒక దీర్ఘం ఇంకాస్త సాగదీయమన్నాడు. తర్వాత కింది సగం మీద చెయ్యి వేసి నిమిరాడు. తన మాటలనే నిమురుతున్నాడని అతనికి తెలియదు.

"కింద ఇంత ఖాళీ ఎందుకు పీరా?"

"అక్షరానికి ఊపిరాడల్ల గదా సార్. అంతా కుక్కితే సదివేటోనికి ఉబ్బసం వస్తాది."

శ్రీనివాసులు పగలబడి నవ్వాడు. "నునుపు బాగా పట్టించినావ్. అద్దం మాదిరుండాది."

"మీ పని గదా సార్. ఒక మాట. పడమటి గోడకు పెట్టియ్యండి. బస్సుల్లో పోయేటోళ్లకు కనపడ్తాది."

"మంచి మాట జెప్పినావ్," అన్నాడు శ్రీనివాసులు.

మార్చి ఇరవై తర్వాత నీడిల్లు ప్రారంభమైంది. పొద్దున పదింటికే షామియానా కింద ముగించారు. శ్రీనివాసులుకు శాలువా కప్పారు. జనానికి నీడనిచ్చిన మహానుభావుడని ఒకాయన పొగిడాడు. కట్టెలకు నిప్పు పెట్టినవాడే కుండలో నీళ్లు తెచ్చి నిలబడితే, జనం కుండకు దండం పెట్టారు. పీరాకు కూడా ఒక శాలువా కప్పారు. దాన్ని అతను బస్టాండులో ఒక ముసలాయనకు ఇచ్చేసి ఇంటికి పోయాడు.

ఆ తర్వాత పీరాకు రెండు రోజులకొకసారి నంద్యాల పోవడం పనైంది. ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో దిగి, నీడిల్లు బెంచీ మీద కూర్చునేవాడు. మధ్యాహ్నం దాటాక ఎవరూ చూడకుండా రాయి మీద చెయ్యి ఆనించి లెక్కపెట్టుకునేవాడు. ఏప్రిల్ మూడో వారంలో ఒకనాడు పోయి చూస్తే రాయే కనిపించలేదు. ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ దాని మీద కట్టేశారు. నాయకుడు రెండు చేతులెత్తి నమస్కారం పెడుతూ పీరా పగకు అడ్డం నిలబడ్డాడు. పీరా ఆగలేదు, బెంచీ ఎక్కి తాళ్లు కోసేశాడు. ఎవరో అడిగితే, "పుట్టినదినం అయిపాయె గదప్పా, ఎన్నాళ్లు పుడ్తాంటాడు," అన్నాడు. అడిగినవాడు నవ్వి ఊరుకున్నాడు.

సుప్రజ అతన్ని అక్కడ రెండు మూడుసార్లు చూసింది. మూడోసారి వచ్చి పక్కన కూర్చుంది. పీరా దాచలేదు, అంతా చెప్పాడు. ఆమె మొహం మాడిపోయింది.

"ఏం పని చేసినావన్నా ఇది? కోర్టులో నీ సాక్ష్యం ఎవరు నమ్ముతారు రేపు? మోసం చేసేటోడని అంటారు."

"అననీమ్మా. మోసమే చేసినా."

"నీ పని పోతాది. ఆళ్లగడ్డలో ఎవరూ నీ మొగం చూడరు."

"మా ఆపా మొగం నేను మళ్ల చూస్తానా?" అన్నాడు పీరా. సుప్రజ లేచి కోర్టుకు వెళ్లిపోయింది. అయితే ఎవరికీ చెప్పలేదు.

మే రెండో వారంలో వాన పడింది. రెండు రోజులు మబ్బు, చల్లగాలి. నంద్యాల నంద్యాలంతా ఊపిరి పీల్చుకుంది. రోడ్డు మీద ఆడవాళ్లు తలెత్తి మొహం మీద చినుకులు పడనిచ్చారు. బెంచీ మీద పీరా ఒక్కడే ఆ వానను పళ్లు నూరుతూ తిట్టాడు. పక్కన పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి, "దేవుడు సల్లగ జూసినాడు అన్నా," అంది. అప్పుడు గానీ తాను ఏం కోరుకుంటున్నాడో అతనికి తెలిసిరాలేదు. ఆ ఎండ మళ్లీ రావాలని కోరుకోవడమంటే ఇంకొక ఆపా ఎక్కడో ఒరిగిపోవాలని కోరుకోవడమే. సిగ్గేసింది. తల వంచుకున్నాడు. సిగ్గుపడ్డాడు గానీ కోరిక మానలేదు. పగ ఎంత నీచమైనదో ఆ పూట అతనికి బాగా తెలిసింది, తెలిసి కూడా దాన్ని వదలలేదు.

మే ఇరవై ఆరున పొద్దున తొమ్మిదింటికే కొట్టం బయటి రాయి మీద మూడు లెక్కపెట్టలేకపోయాడు. ఎర్రకుంటకు ఫోన్ చేసి జీవమ్మను ఆళ్లగడ్డ బస్టాండుకు రమ్మన్నాడు. ఎందుకని ఆమె అడిగింది. "ఒగ రాయి సదివేది ఉండాది జీవమ్మక్కా," అన్నాడు. "నాకు సదువు యాడ వచ్చును" అంటూనే ఆమె వచ్చింది.

ఆ రోజు నీడిల్లు కిటకిటలాడుతోంది. ఎండ మండిపోతోందని కంపెనీ వాళ్లు మజ్జిగ పంపిణీ పెట్టారు. ఫొటోలు తీసేవాళ్లున్నారు. శ్రీనివాసులు తెల్ల చొక్కా, మెడలో కండువాతో తానే గ్లాసులు అందిస్తున్నాడు. పీరాకూ ఒక గ్లాసు ఇచ్చాడు. "తాగు పీరా, ఎండ శానా ఉండాది." పీరా తీసుకుని పక్కన పెట్టాడు.

ఒంటి గంట అయింది. ఏమీ లేదు. రెండు అయింది. పీరా రాయి దగ్గరికి పోయి చెయ్యి వేసి, ఒకటి అనేలోపే లాక్కున్నాడు. రాయి కింది అంచున నల్లటి చెమట పట్టింది. చూస్తుండగానే అది బొట్టయింది, బొట్టు జారింది, దాని వెనక ఇంకొకటి. కాసేపటికి నునుపైన రాయి మీద గాట్లు తేలాయి, గాట్లు అక్షరాలయ్యాయి.

మొదట చూసింది కాలేజీ పిల్ల ఒకతి. "ఏందిది, రాయి కారతాంది," అంది. ఆమె వంగి పైకి చదవడం మొదలుపెట్టింది. 'మన బొగ్గు, మన డీజిలు వల్లే భూమి వేడెక్కుతోందని మన సొంత శాస్త్రవేత్తలు...' బెంచీల మీద వాళ్లు లేచి వచ్చారు. 'ఈ ప్రాంతం జనం కాగితాన్ని నమ్మరు, రాతిని నమ్ముతారు' అన్నచోట ఆ పిల్ల గొంతు తగ్గింది. మజ్జిగ కుండ దగ్గర ఎవరూ లేరు.

శ్రీనివాసులు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చదివాడు. చేతిలోని మజ్జిగ రాయి మీద కుమ్మరించాడు. మెడలోని కండువా లాగి రుద్దడం మొదలుపెట్టాడు. గాట్లలో మిగిలిన లక్క కండువాకు, వేళ్లకు, తెల్ల చొక్కాకు అంటుకుంది. అతను రుద్దేకొద్దీ అక్షరం ఇంకా తేటపడింది. చివరికి సంతకం కూడా బయటికి వచ్చింది. ఫోన్లన్నీ అతని మీదే ఉన్నాయి.

"ఎవుడు... ఎవుడు చెక్కినాడు ఇది?"

"నేనే సార్," అన్నాడు పీరా. "మీరు రాసింది రాసినట్టే చెక్కినా. ఒక వరుస మాత్రం నాది."

శ్రీనివాసులు జనం వైపు తిరిగాడు. గొంతు చించుకున్నాడు. "అంతా అబద్ధం. వీడు దొంగ. రాతి మీద గీకినంత మాత్రాన నిజమైపోతాదా? దుడ్లిస్తే ఎవుడైనా యాదైనా గీకిస్తాడు. రాతి మీదుందని నమ్మేటోళ్లు మనుషులా, గొడ్లా?"

పీరా ఈ మాట కోసమే లక్క కొన్నాడు, ఈ మాట కోసమే అరచెయ్యి కాల్చుకున్నాడు. పదిమందిలో, పగటి వెలుతురులో, వాడి నోటితోనే వచ్చింది.

అతను ఏదో అనబోయేలోపే జీవమ్మ ముందుకు వచ్చింది.

"ఏమంటివప్పా? మళ్ల జెప్పు."

శ్రీనివాసులు ఆమెను ఎరుగడు. "నువ్వెవరు?"

"ఎర్రకుంట మాది. మా ఊరి మొగదాల గూడా నువ్వు రాయి పాతిచ్చినావంట. తాతలు తట్టుకున్నారు, మనమూ తట్టుకుంటామని. దాన్ని నమ్మి మా ఫాతిమున్నీసా గడ్డపార దించల్యా. నా పక్కనే పడిపాయె. ఒళ్లు పెనం మాదిరి కాలతాండె." జీవమ్మ గొంతు పెంచలేదు. "అది గొడ్డా? నువ్వే జెప్పు. మేం నలభై ఊళ్లోళ్లం గొడ్లమా?"

శ్రీనివాసులు కారు వైపు చూశాడు. ఎవరూ అతని మీద చెయ్యి వేయలేదు, ఎవరూ దారి కూడా ఇవ్వలేదు. నల్లగా లక్క అంటిన చేతులు ముందుకు చాచి, ఎవరినీ తగలకుండా ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ఆ ఎండలో కారు దాకా పోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. పీరా ఆ నడక మొత్తం చూశాడు. కళ్లు పక్కకు తిప్పలేదు. రెండేళ్ల తర్వాత గుండె మీద బరువు దిగింది. అట్లా దిగినందుకు అతనికి పశ్చాత్తాపం కలగలేదు.

సాయంత్రానికి ఆ రాయి వీడియో జిల్లా అంతా తిరిగింది. కంపెనీ వాళ్లు రాత్రికి రాత్రి రాయి పీకించారు, సలహాదారుతో తమకు సంబంధం లేదన్నారు. సుప్రజ ఫోన్ చేసి, వాళ్లు నీ మీద కేసు పెడతారన్నా, నేను వకాల్తా వేస్తా, నోరు మాత్రం మూసుకో అంది. ఆళ్లగడ్డ శిల్పులు ముగ్గురు కొట్టానికి వచ్చారు. తిట్టలేదు. "నువ్వు చేసింది మాకు అర్థమైంది పీరా. కానీ లక్క నింపినావు," అన్నారు. పీరా ఉలి పెట్టె తానే తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు. వాళ్లు తీసుకుని పోయారు.

మరుసటి రోజు పొద్దున పీరా ఎర్రకుంటకు పోయాడు. చేతిలో సమ్మెట ఉంది, అది ఉలి కాదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఊరి మొగదల రాయి చుట్టూ అప్పటికే జనం చేరారు. గడ్డపారలు తెచ్చారు గానీ ఎవరూ ముందు దెబ్బ వేయలేదు, అతని కోసం ఆగారు.

రాయి మీద అక్షరాలు పదమూడేళ్ల ఎండకు కూడా చెక్కు చెదరలేదు. అతను జీవితంలో చెక్కిన అన్ని అక్షరాల్లోనూ అవే బాగున్నాయి. పీరా ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాడు. సమ్మెట ఎత్తి, 'తట్టుకుంటాం' అన్న మాట మీద దించాడు. రాయి పగలలేదు. మళ్లీ దించాడు. నాలుగో దెబ్బకు నిలువునా చీలింది.

జీవమ్మ సమ్మెట అందుకోబోయింది.

"ఉండు అక్కా," అన్నాడు పీరా. "నేను చెక్కిండేదే గదా. ఇంకా ముప్పై తొమ్మిది ఉండాయి."